సత్యవేణి సర్టిఫికెట్లు

హైదరాబాదు

అన్నయ్యకి శారద నమస్కారాలు.

వదిన మోకాలినొప్పి తగ్గిందా? పిల్లలు బాగున్నారా? నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. క్యాంటీన్ పప్పులో ఉప్పు తప్ప రుచి లేదు.

నేను మా ఆఫీసులో చేర్పించిన సత్యవేణి వాళ్ళ నాన్నగారు అంతర్వేది నుంచి మనింటికొచ్చి, "మా అమ్మాయిని మీ చెల్లెలుగారు ఇరికించేసేరండీ" అని కేకలేశారని వదిన ఫోన్లో చెప్పింది. ఫోన్లో అంతా చెప్పడం కుదరలేదు. అందుకే రాస్తున్నాను.

మా పని నీకు తెలుసుగా. కొత్త మందు వాడి చూసిన రోగుల వివరాలు కంప్యూటర్లో లెక్కగట్టి, అది మేలు చేసిందో కీడు చేసిందో తేల్చడం. స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళు దొరకడమే కష్టం. దొరికినా, పని నేర్చుకోగానే బ్యాంకులవాళ్ళు ఎత్తుకుపోతారు. అందుకని మా మేనేజరు చేరినవాళ్ళ ఒరిజినల్ సర్టిఫికెట్లు తన బీరువాలో పెట్టుకుంటున్నారు.

పోయినవారం సత్యవేణికి బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్లడిగితే ఇవ్వనన్నారు. పైగా నన్ను పిలిచి, "మీరు తెచ్చిన అమ్మాయే కదా, మీరే నచ్చజెప్పండి" అన్నారు. ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ, "మీరున్నారనే మా నాన్న పంపేరండీ. ఇప్పుడేం చెయ్యమంటారు?" అంది.

తనని వెంటబెట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాను.

"ఈ అమ్మాయివి ఇచ్చెయ్యండి. లేకపోతే నేనూ మానేస్తానండీ" అన్నాను.

"అందరూ పోతే ఈ మందు సంగతి ఎవరు తేలుస్తారు?" అని అరిచారాయన.

"ఈ మందు వాడాక లివర్ దెబ్బతిన్న రోగుల వివరాలు చూస్తున్నది ఈ అమ్మాయేనండీ. బలవంతాన కూర్చోబెడితే మనసు పెట్టి చూస్తుందా?"

ఆయన లేచి బీరువా తెరిచారు. సత్యవేణి తన సర్టిఫికెట్ల కవరందుకుని, నావైపైనా చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం నాకు అన్నం సయించలేదన్నయ్యా. తను రాకపోతే మేనేజరు తప్పంతా నామీదే వేస్తారు, నా ఉద్యోగమూ పోయినట్టే.

సోమవారం వెళ్ళేసరికి తన సీట్లోనే ఉంది. "ఉంటావా?" అన్నాను.

"ఆయ్. ఈ పని తేలేదాకా ఉంటానండి. బ్యాంకువాళ్ళు ఆగుతామన్నారు. తర్వాత మాత్రం వెళ్ళిపోతానండి."

అదే మాట మేనేజరుకి చెప్పాను. మధ్యాహ్నం ఆయన మిగతా అందర్నీ పిలిచి ఎవరి కవర్లు వాళ్ళకిచ్చేశారు. నాతో మాత్రం ఇంకా ముభావంగానే ఉన్నారు. రేపు ఎవరు ఉంటారో, ఎవరు పోతారో నాకూ భయంగానే ఉంది.

నువ్వు ఒకసారి అంతర్వేది వెళ్ళు. మీ అమ్మాయి సర్టిఫికెట్లు తన చేతిలోనే ఉన్నాయని, ఉన్నన్నాళ్ళూ తన ఇష్టంతోనే ఉంటుందని ఆయనకు చెప్పు. కోప్పడితే పడు.

పెద్దమ్మగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన, వదిన దీవెన ఎప్పటికన్నా ఇప్పుడు ఎక్కువ కావాలి నాకు.

నీ చెల్లెలు
శారద