నీ తీగల నోటుబుక్కులు

అన్నా, ఎట్లున్నావని అడగలేను కదా... నువ్వు పోయి ఏడు నెలలైంది. గుడియాత్తంలో మేమందరం బాగానే ఉన్నాం.

వేలూరు కాలేజీలో నువ్వు పదహారేళ్లు పని చేసిన ఫిజిక్స్ ల్యాబు ఇప్పుడు లేదు. ఏసీ పెట్టి కంప్యూటర్ సెంటర్ చేశారు. నువ్వు తీగలు బిగించి మోగించిన గాజు బెల్ జారు, దాన్లోంచి గాలి తీసే పంపు వరండాలో పడేశారు. పడేయించింది మీ డిపార్ట్‌మెంట్ హెడ్డే. నువ్వున్నన్నాళ్లూ నిన్ను తీగలు మీటే అటెండరని ఎగతాళి చేసిన ఆ పెద్దమనిషే!

ల్యాబు ఖాళీ చేయించిన నెలకే మన ఇంటికి ఎందుకొచ్చాడో తెలుసా? విదేశాల్లో వెంట్రుక కన్నా సన్నటి తీగలు మోగిస్తున్నారట. ఒకసారి మీటితే మోత ఎంతసేపు నిలుస్తుందన్నదే ఇప్పుడు పెద్ద పరిశోధనట. పేపర్లో చదివి పరిగెత్తుకొచ్చాడు. నీ జ్ఞాపకార్థం సెమినార్ పెడతాను, నువ్వు తీగల లెక్కలు రాసిన నోటుబుక్కులు ఇవ్వమన్నాడు. నమ్మి ఇచ్చాను... నీ చెల్లెలు ఎంత వెర్రిదో చూడు!

సెమినార్‌లో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి, నీ లెక్కలన్నీ తన పరిశోధనగా చెప్పుకున్నాడు. నీ పేరు ఒక్కసారైనా... లేదు. అలాంటివాళ్లకు అన్నం ఎలా అరుగుతుందన్నా?

బెంగళూరు నుంచి వచ్చిన ఒక మేడమ్ లేచి, గాలి తీసేసిన చోట కూడా తీగ మోత ఎందుకు ఆగిపోతోందని అడిగారు. హెడ్డు నీ నోటుబుక్కు తిరగేశాడు. అంకెలైతే ఎత్తి రాసుకున్నాడు గానీ, కారణం నువ్వు తెలుగులో రాశావు, అమ్మ మనిద్దరికీ పలక మీద నేర్పిన తెలుగులో. ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదివింది తమిళ బడిలో, ఒక్క తెలుగు అక్షరం చదవలేడు! నోటుబుక్కు పట్టుకుని నావైపు చూశాడు.

లేచి వెళ్లి దాన్ని తీసుకున్నాను.

"ఇది మా అన్న రాసినాడు సార్. నేను చదువుతా."

 

"తీగలో తప్పు లేదు సరోజా. మనం బిగించిన కాడ్నే మోత కారిపోతా ఉండాది. బిగువు పెంచి చూడాల" అని మన ఇంట్లో మగ్గం ముందు కూర్చుని నువ్వు నాకు చెప్పిందే అక్కడ ఉంది. చదివి, ఇంగ్లీషులో వివరించాను. మేడమ్ నీ పేరు అడిగి, రాసుకున్నారు.

అప్పుడు హెడ్డు ఏం చేశాడంటావు? మైకు లాక్కుని, నిన్ను తానే తీర్చిదిద్దానని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు! ఆయన మీద కోపం కూడా దండగ. అలాంటి మనిషిని నువ్వు సార్, సార్ అని ఎందుకంత గౌరవించావు?

మిగతా రెండు నోటుబుక్కులూ తీసుకున్నాను, మూడూ ఆయనకు తిరిగి ఇవ్వలేదు. ఒడిలో పెట్టుకుని గుడియాత్తం బస్సెక్కాను. బడిలో పాఠాలు చెప్పి రాగానే రోజుకు రెండు పేజీలు ఇంగ్లీషులోకి రాస్తున్నాను, ఆ మేడమ్‌కు పంపడానికి. నువ్వు తప్పని గీత కొట్టిన లెక్కలు ఆ గీతతోనే పంపుతాను... సరేనా? మొదటి పేజీలో ఒక్క నీ పేరే రాశాను.

నీ చెల్లెలు,
సరోజ