పండగ రవికలు

అక్కా,

తమిళ బడిలో చదివిన నీకు బతికున్నప్పుడూ తెలుగు చదవడం వచ్చేది కాదు. అయినా రాస్తున్నాను. నువ్వు పోయి నేటికి ఏడాది. పళ్లిపట్టిలో నువ్వు పెట్టిన కుట్టు అంగడిలో నీ తర్వాత నేనే కూర్చున్నాను. అంగడికి అది మొదటి దీపావళి అని, కామెర్లతో కళ్లు పచ్చబడినా, ఒప్పుకున్న రవికలన్నీ కుట్టి ఇచ్చాకే నువ్వు ఆసుపత్రికి వెళ్లావు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఈ ఉదయం జ్వరంతో నా ఒళ్లు కాలిపోయింది. అంగడి మూస్తుంటే బావ వచ్చాడు.

"పండగ ముందర మూస్తావా? మీ అక్క ఒగదినమన్నా మూసిందా?"

"మూయలేదు బావా. అందుకే పోయింది."

ఆయన ముఖం తిప్పుకుని, "తాళంచెవి ఇచ్చిపో. వేరే మనిషిని చూసుకుంటా" అన్నాడు.

ఇచ్చేశాను. ధర్మపురి ఆసుపత్రిలో చీటీ తీసుకుని కూర్చున్నాను. నీ అంగడి రేపు తెరుస్తారు, అక్కా.