పాలికల్లో మన చేని మన్ను

నా తల్లి శ్రీకరికి, సత్యవేడు నుంచి తాత రాస్తున్నది.

ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు నోరు పెగల్లేదు. అందుకే రాస్తున్నాను. పెళ్లి పాలికల్లో నవధాన్యాలు మొలిచి మాడిపోయాయి కాబట్టి నీ అడుగు మంచిది కాదని మీ అత్త దేవకమ్మ అన్నదట. విత్తనాల గంప నిన్ను ముట్టనివ్వలేదట. "తాతా, వచ్చేస్తా" అన్నావు.

అమ్మా, ఆ మన్ను తెచ్చింది నేను. పుట్టమన్ను తేవాల్సింది. మన చేని మన్ను నీ వెంట నాయుడుపేటకు రావాలని ఆశపడి గుడ్డలో కట్టి తెచ్చాను. ఆ చేను కౌలుకు చేస్తున్న మునివెంకటప్ప చెరకులో కలుపు మందు కొడుతున్నాడు. ఆ మందు మన్నులో నిలిచిపోతుందని నాకప్పుడు తోచలేదు.

నీ ఫోన్ వచ్చాక రెండు మట్టి చట్లు పెట్టాను. ఒకదానిలో చేని మన్ను, ఒకదానిలో పుట్టమన్ను. అవే గింజలు, అవే నీళ్లు. రెండూ పచ్చగా లేచాయి. నా అనుమానం తప్పేమో అనుకున్నాను. ఆకులు విచ్చుకున్నాక చేని మన్నులోవి అంచులు పసుపెక్కి, కాలినట్టు మాడిపోయాయి. గింజలో తల్లి కట్టిచ్చిన సద్ది ఉన్నంతవరకు మొలకకేమీ కాలేదమ్మా. సొంతంగా ఎండను వండుకు తినే పొద్దుకే మందు పట్టుకుంది. ఇన్ని పైర్లు పెట్టాను, గింజకు సద్ది ఉంటుందని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ చట్టి ముందు అట్లాగే కూర్చుండిపోయాను.

రెండు మన్నులూ మూటకట్టి పంపుతున్నాను. మీ అత్త చేతనే గింజలు వేయించు. అప్పటికీ రావాలనిపిస్తే రా. తలుపు తీసే ఉంటుంది.

నీ తాత
పెంచలయ్య

శ్రీకరీ, బంగారు తల్లీ,

మీ అత్తే ఫోన్ చేసింది. నేను పలికేలోపే అందుకుంది.

"ఏం మామా, మూగనోమా నీది? మన్ను మార్చినానని ఒక్క మాట అనుంటే పోయేది కదా! బిడ్డను ఉత్తపుణ్యానికి ఏడిపిస్తిని. నా చేత్తో ఏసినాను, నా కండ్ల ముందరే మాడిపాయె. పక్కన పుట్టమన్నులో ఏపుగా ఉండాది!"

"ఆ మన్ను పారబొయ్యమ్మా" అన్నాను.

"యాడ పోస్తాం మామా? దానికి జబ్బు చేసినాది. మనం కాక ఎవురు సూస్తారు?"

పేడ ఎరువు కలిపి, ఈ తూరి గింజలు నీ చేత వేయించిందట. మొలుస్తాయో లేదో నాకు తెలియదు. మీ అత్త మాత్రం రోజూ వచ్చి వంగి చూస్తున్నదని ఫోన్‌లో అన్నావు.

నేను మునివెంకటప్ప ఇంటికి పోయి, "ఇంక నా చేన్లో ఆ మందు కొట్టబాకప్పా" అన్నాను.

"ఏం పెద్దాయనా, ఇన్నాళ్లకు నోరొచ్చినాదే!" అని నవ్వాడు. నవ్వనీ.

వచ్చేదారిలో చేనికి పోయాను. పైకి ఏమీ కనిపించదమ్మా, ఎప్పటి మన్నే. లోపల ఎంత జరుగుతున్నదో తెలిశాక చెప్పులతో దిగబుద్ధి కాలేదు. గట్టు మీద విడిచి దిగాను.

ఇట్లు నీ తాత
పెంచలయ్య