కొట్టం గోడలో కంత

అన్నా,

నువ్వు పోయాక ఇదే మొదటి చలికాలం. వంటింటికీ బర్రెల కొట్టానికీ మధ్య గోడలో నువ్వు వదిలేసిన కంతను ఈసారి మూయించాను. ఏటా దాని గురించే కదా మన లొల్లి! ఆ చలిగాలికి అమ్మ రాత్రంతా దగ్గేది. నువ్వేమో గోనెపట్టా కుక్కి, తెల్లారగానే మళ్లీ పీకేసేవాడివి.

జహనుమా నుంచి వచ్చిన మేస్త్రీ సున్నంతో నున్నగా పూసి పోయాడు. మర్నాడు నీ నల్లబర్రె పాలు చేపలేదు. దూడను వదిలాను, తవుడు పెట్టాను, తిట్టాను. లాభం లేదు. పాలకోసం వచ్చిన నవాబు దేవిడీ నౌకరు నన్ను నానా మాటలని, ఖాళీ చెంబుతో తిరిగిపోయాడు.

"అది గా కంతలకెల్లి పెద్దోడు చాయ్ తాగుడు చూసినంకనే చేపుతది. నీకెర్క లేదారా?" అంది అమ్మ.

ఆ మాట గోడ మూయకముందు ఆమె చెప్పలేదు. నువ్వయినా చెప్పి పోవచ్చు కదా!

కొత్తగా మూసిన చోట నేనే గడ్డపారతో పొడిచి కంత తెరిచాను. నీ గొంగడి కప్పుకుని, చాయ్ పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాను. బర్రె కంతలో మూతి పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత అటువైపు అమ్మ చెంబులో పాలధార మోగింది. వెంటనే ఆమె దగ్గు కూడా.

ఆ గోనెపట్టా ఎక్కడ పెట్టి పోయావు, అన్నా?