నేను పెట్టిన చారు

ఏమండీ,

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, ఆగలేకపోతున్నాను. ఇవాళ నేను చారు పెట్టాను!

నవ్వకండి. తెనాలి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వంటలు చేసిన మీరు, ఉన్నన్నాళ్ళూ నన్ను పొయ్యి దగ్గరకు రానిచ్చారా? మీరు పోయాక నాకు మంచం దిగబుద్ధి కాలేదు. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనైపోయింది. పక్కింటి సుబ్బమ్మ పిన్నే రోజూ అన్నం కలిపి తెచ్చి, నేను తినేదాకా కదిలేది కాదు.

ఈ పొద్దున ఆవిడ రాలేదు. వెళ్ళి చూస్తే జ్వరంతో మూలుగుతోంది. కొడుకేమో రేపల్లెలో ఉన్నాడాయె.

"నోరంతా చేదుగా ఉందే. కాస్త చారుంటే బాగుండు" అంది.

ఇంటికొచ్చి కిరసనాయిలు స్టవ్ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. టమాటాలు తరిగేసరికే నీరసం వచ్చి అక్కడే నేలమీద వాలిపోయాను. కాసేపటికి లేచి చింతపండు పిసికాను. తిరగమోతలో ఆవాలు మాడిపోతే పారబోసి మళ్ళీ వేశాను. ఈసారి చిటపటలాడాయండీ!

పిన్ని గ్లాసెడు తాగి, "ఎవరే చేసింది?" అంది.

"నేనే పిన్నీ."

"ఉప్పు తగ్గిందమ్మా. ఇంకాస్త పొయ్యవే."

తిరిగొచ్చాక కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. అదేమిటో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. ఆకలండీ! ఎవరూ చెప్పకుండానే ఎసట్లో బియ్యం పోసి, ఉడికేలోగా మీకిది రాస్తున్నాను.

పొంగొస్తోంది, లేవాలి.