లాభం, రెండు, మూడు

మామ్మా,

నీ సంవత్సరీకానికి మండపేట వచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పబుద్ధి కాని సంగతొకటి నీకే చెబుతున్నాను.

నేను లెక్కలు చెప్పడానికి మాల్దీవులకు బయల్దేరినప్పుడు, "బీఈడీ లేనిదానికి పరాయి దేశమోళ్ళు పిల్లల్ని అప్పజెబుతారటే?" అన్నావు. నా ఫిజిక్స్ డిగ్రీ చూసి తీసుకున్నారు గానీ, పాఠం ఎలా చెబుతానో చూశాకే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఆ రోజు నువ్వు పోయాక వచ్చింది.

ప్రిన్సిపాల్ గారు వెనక బెంచీలో కూర్చున్నారు. ఘనపరిమాణం పాఠం. మగ్గుతో బకెట్‌లో ఇసక పోస్తూ, కంగారులో "లాభం, రెండు, మూడు" అని తెలుగులో లెక్కపెట్టేశాను. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని నువ్వేనాడూ ఒకటి అననిచ్చావా? అదే వచ్చింది నోటికి. క్లాసంతా గొల్లున నవ్వింది. ఇంక ఇంటికే అనుకున్నాను. చేసేది లేక, మా మామ్మ ఇలా కొలిచేదని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన లేచి వచ్చి, నా చేతిలో మగ్గు అందుకుని, "లాభం" అంటూ తనే పోశారు.

ఉద్యోగం ఖాయమైంది. సాయంత్రం నీకు చెబుదామని ఫోన్ తీసి, నీ పేరు దాకా వెళ్ళి ఆగిపోయాను.

అక్కడి పిల్లలు ఇప్పుడు ఏది కొలిచినా లాభంతోనే మొదలుపెడుతున్నారు.

ఇవాళ నీ భోజనాలకు వంటాయన బియ్యం కొలుస్తూ, "ఒకటి" అన్నాడు. ఎవరైనా కసురుతారేమోనని గుమ్మంలో నిలబడి చూశాను.

ఆయన "రెండు" అన్నాడు.