పాకం చల్లారకముందే

సెప్టెంబరు 24, బుధవారం

ఒళ్ళు మండిపోతోంది. వెర్నా ఇంట్లో మా అమిష్ సంఘం ఆడవాళ్ళందరం కూర్చుని బొంత కుడుతున్నాం. ఈ ఆదివారం కాక ఆ పై ఆదివారం ఆరాధన వంతు మా ఇంటిది కదా, మధ్యాహ్నం బ్రెడ్డులోకి పీనట్ బటర్ స్ప్రెడ్ ఎవరు కలుపుతున్నారని వెర్నా అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా అత్తయ్య సలోమా అందుకుంది. మా కోడలే కలుపుతుందమ్మా, చెంచా గుచ్చితే నిలబడుతుంది, మిగిలినదాంతో కొట్టం గోడకి ఇటుకలు అతికించుకోవచ్చు, అంది. అందరూ సూదులు వదిలేసి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

సెప్టెంబరు 25, గురువారం

మా ఆయన ఓర్వాతో చెప్పాను. అమ్మ సరదాకి అనుంటుందిలే అన్నాడు. ఇంకాస్త గ్రేవీ ఉందా అని అడిగాడు.

సెప్టెంబరు 29, సోమవారం

కోపంలో అసలు సంగతే మర్చిపోయాను. మా ఇంట్లో జరిగేది మామూలు ఆరాధన కాదు, అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకి ముందు జరిగే కౌన్సిల్. సంఘం పెద్దల్లో ఒకడైన డీకన్ ఈనస్ బెంచీల మధ్యకి వచ్చి ఒక్కొక్కరినీ అడుగుతాడు, మనసులో ఎవరి మీదైనా ఏమైనా ఉందా అని. ఉందంటే, అది తేలేదాకా సంఘం మొత్తానికి బల్ల ఉండదు. లేదంటే దేవుడి ముందు అబద్ధమాడినట్టు. ఒక చెంచా గురించి అందరికీ బల్ల ఆపేస్తానా? రాసుకోవడానికే సిగ్గుగా ఉంది. కోపం మాత్రం పోలేదు.

అక్టోబరు 1, బుధవారం

పెరట్లో అత్తయ్య ఉండే చిన్నింటికి వెళ్ళాను. ఆ రోజు మీ మాటకి నాకు కష్టం కలిగింది, ఆదివారంలోపు మాట్లాడేసుకుందాం అన్నాను. నేనేమన్నాననే పిల్లా, అంది, ఊరగాయ సీసాలు తుడుస్తూనే. చెప్పాను. నేనా? అయ్యో, నాకు గుర్తే లేదే, అంది. ఏమీ అనని మనిషిని ఎలా క్షమించాలి? పైగా వచ్చేటప్పుడు, ఈసారి స్ప్రెడ్‌లో పాకం కాస్త ఎక్కువ పొయ్యవే అని చెప్పి పంపింది.

అక్టోబరు 4, శనివారం, ఉదయం

రేపటి ఆరాధనకి సంఘం బెంచీల బండి వచ్చింది. ఓర్వా దించుతున్నాడు. నేను బ్రౌన్ షుగర్ పాకం పొయ్యి మీద పెట్టాలి.

అదే రోజు, సాయంత్రం

పాకం చల్లారేదాకా ఆగాలని చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఆగలేదు. తిట్టుకుంటూ తిట్టుకుంటూ వేడి పాకం పీనట్ బటర్‌లో కుమ్మరించాను. నూనె పైకి తేలింది. కింద ఇసకలా విరిగిపోయింది. తెల్లటి జిగురు మార్ష్‌మెల్లో క్రీమ్ వేసి ఎంత తిప్పినా కలవదు. కరెంటు మిక్సీలున్న బయటివాళ్ళకేం, అమిష్ పుట్టుక పుట్టాక చేత్తోనే తిప్పాలి. పెద్ద బకెట్టు నిండా! చేతులు పడిపోయాయి.

అప్పుడే అత్తయ్య వచ్చి బకెట్టులోకి తొంగి చూసింది. ఓ మాట అన్నా బావుండేది. వెళ్ళి తన పీనట్ బటర్ డబ్బాలన్నీ తెచ్చి, చేతులు కడుక్కుని, మళ్ళీ మొదలెట్టింది. పాకం నేను కాచాను, తను తిప్పింది. స్ప్రెడ్ ఆవిడకి కావలసినంత పలచగా వచ్చింది. దానికీ నాకు కోపమే.

అక్టోబరు 5, ఆదివారం

డీకన్ ఈనస్ ఆడవాళ్ళ వైపు వచ్చాడు. పెద్దవాళ్ళని ముందు అడగడం ఆచారం. అత్తయ్య తల వంచుకుని, ముందు మా కోడల్ని అడుగు ఈనస్, అంది. బొంత దగ్గర నలుగుర్నీ నవ్వించాలని దాన్నో మాటన్నాను, ఆ మాట దాని మనసులో ఉంటే నాకూ ఏమీ లేదని చెప్పలేను, తను ఏమంటే నా జవాబూ అదే, అంది.

గుర్తుందన్నమాట! అంతా గుర్తే! అందరూ నా వైపే చూస్తున్నారు. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. నిన్న నా బకెట్టు తిప్పిన చేతులు ఒళ్ళో ముడుచుకుని అత్తయ్య నా జవాబు కోసం చూస్తోంది. అంతమందిలో ఆవిడ తల వంచడం నేనెప్పుడూ చూడలేదు. నా మనసులో ఏమీ లేదన్నాను. అన్న క్షణంలో అది నిజమే.

నాకూ లేదు, అంది అత్తయ్య. బల్ల ఖాయమైంది.

అక్టోబరు 6, సోమవారం

పొద్దున్నే అత్తయ్య వచ్చి, నేను అడక్కుండానే, నా వంటింటి అలమారంతా తన పద్ధతిలో సర్దేసింది.

ప్రభువు బల్లకి ఇంకా రెండు వారాలుంది. అంతదాకా నాకు కోపం రాకూడదు.